పలెర్మో పద్ధతిలో దూడ మాంసం చుట్టలు: మిలాన్‌లో మా వంటింటి అనుభవం

ఇటలీలో పల్చగా కోసిన మాంసపు ముక్క మీద ఏదో ఒక మిశ్రమం పరిచి, చుట్టగా చుట్టి వండే వంటకాలన్నిటినీ కలిపి ఇన్వోల్తీని అంటారు. ఊరు మారితే లోపల పెట్టేదీ మారుతుంది, వండే తీరూ మారుతుంది. రోములో ఒక రకం, నేపుల్స్‌లో మరొక రకం, మేము కాపురముంటున్న మిలాన్‌లో ఇంకొక రకం. వీటన్నిటిలోకీ నా చేతికి బాగా పట్టుబడినదీ, ఇంటికి ఎవరైనా భోజనానికి వస్తున్నారంటే నాకు ముందుగా తోచేదీ సిసిలీ ద్వీపంలోని పలెర్మో నగరపు పద్ధతి. దాన్ని నేర్పినది మా పై అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ. ఆమె పుట్టి పెరిగినది పలెర్మోలో. భర్త ఉద్యోగం కోసం మిలాన్ వచ్చి స్థిరపడినా ఆమె పొయ్యి మీద ఉడికేది సిసిలీ వంటే. నాతో ఆమె మొట్టమొదట అన్న మాట ఇది: "అమ్మాయీ, ఇందులో మాంసం పైకప్పు మాత్రమే. అసలు వంటంతా లోపలి బ్రెడ్ పొడిలో ఉంది." స్వయంగా చేసుకుంటూ వచ్చిన కొద్దీ ఆ మాట ఎంత నిజమో తెలిసింది గనుక, ఇక్కడ కూడా ఎక్కువ చోటు ఆ పొడికే ఇస్తున్నాను.

మాంసం సంగతి ముందుగా చెప్పుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆవును, ఆవుదూడను వధించడాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. ఆచారం వల్లనో నమ్మకం వల్లనో ఈ మాంసాన్ని ముట్టని తెలుగువారు ఎంతోమంది ఉన్నారు. మాది గుంటూరు జిల్లాలో ఒక క్రైస్తవ కుటుంబం. పెద్ద మాంసం మా ఇంట్లో కొత్త కాదు గానీ, దూడ మాంసం నేను ఇటలీ వచ్చాకనే చూశాను. ఇక్కడ దాని అమ్మకానికి స్పష్టమైన నిబంధనలు ఉన్నాయి. 2008 జులై నుంచి అమలులో ఉన్న ఐరోపా సమాఖ్య నియమం ప్రకారం ఎనిమిది నెలల లోపు వయసున్న పశువు మాంసాన్ని మాత్రమే 'వితెల్లో' అన్న పేరుతో అమ్మాలి. ఎనిమిది నుంచి పన్నెండు నెలల మధ్య వయసున్నదాన్ని 'వితెల్లోనె' అనాలి. మొదటిది పాల మీద పెరిగిన దూడది గనుక లేత గులాబీ రంగులో ఉంటుంది, రెండవది మరికొంత ఎర్రగా, కొంచెం గట్టిగా ఉంటుంది. ఒకప్పుడు దూడలను కదలడానికి కూడా వీలులేని ఇరుకు గదుల్లో ఒంటరిగా కట్టి పెంచేవారు. ఎనిమిది వారాలు దాటిన దూడను అలా విడిగా బంధించి ఉంచడం 2007 జనవరి నుంచి ఐరోపా సమాఖ్య అంతటా నిషిద్ధం. తినే మాంసం ఎలా పెరిగి వచ్చిందో తెలుసుకోవడం తినేవారి బాధ్యత అని నేను నమ్ముతాను. అందువల్లనే ధర కాస్త ఎక్కువైనా పశువు వయసు, పెంచిన చోటు చూసి చెప్పగల కొట్టులోనే కొంటాను.

ఈ వంటకు తొడ భాగపు మాంసం కావాలి. మాంసం కొట్టులో 'ఫేజా' అని గానీ 'నోచె' అని గానీ అడిగితే కొవ్వూ నరాలూ లేని శుభ్రమైన కండ ఇస్తారు. "ఇన్వోల్తీనికి కావాలి" అంటే చాలు, మా కొట్టాయన "ఎందరికి, సిన్యోరా (అమ్మగారూ)?" అని మాత్రమే అడిగి, కండ పీచు ఏ వైపు నడుస్తున్నదో వేలితో ఒకసారి తడిమి చూసి, ఆ పీచుకు అడ్డంగా కత్తి పెడతాడు. ఈ అడ్డకోత చాలా ముఖ్యం. పీచు వెంబడి కోసిన ముక్క వేడి తగలగానే పొడవునా ముడుచుకుపోతుంది, నమలడానికి సాగుతుంది. అడ్డంగా కోస్తే పీచు పొట్టి పొట్టి పోగులుగా తెగి, కొరకగానే విడిపోతుంది. నలుగురికి నేను ఆరు వందల గ్రాములు తీసుకుంటాను. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన, ఒక్కొక్కటి నలభై యాభై గ్రాములు తూగేలా కోయిస్తే పన్నెండు నుంచి పద్నాలుగు చుట్టలు వస్తాయి. అరచేయి కంటే పెద్ద ముక్కలు ఈ వంటకు పనికిరావు. పలెర్మో చుట్ట చిన్నదిగా, రెండు మూడు కొరుకుల్లో అయిపోయేదిగా ఉండాలి.

ఇక బ్రెడ్ పొడి. సిసిలీలో రొట్టెను మామూలు గోధుమ పిండితో కాక, పాస్తాకు వాడే గట్టి గోధుమల రవ్వను మెత్తగా విసిరిన పిండితో చేస్తారు, పైన నువ్వులు అద్దుతారు. ఆ రొట్టె లోపల లేత పసుపు రంగులో ఉంటుంది, రెండు మూడు రోజులు నిలవుంటే రాయిలా గట్టిపడుతుంది. అలా గట్టిపడిన దాన్నే వాళ్లు తురిమి పొడి చేసుకుంటారు. మిలాన్‌లో సిసిలీ సరుకులమ్మే దుకాణంలో ఆ రొట్టె దొరుకుతుంది గనుక నేనూ అదే వాడతాను. దొరకని వారు ఏ గట్టి రొట్టెనైనా ముక్కలు చేసి సన్నని వేడి మీద ఓవెన్లో ఎండబెట్టి మిక్సీలో వేసుకోవచ్చు. అయితే పాలు, చక్కెర కలిసిన మెత్తని శాండ్‌విచ్ బ్రెడ్ మాత్రం వద్దు, ఆ తీపి తరువాత ఏం వేసినా పోదు. పాకెట్లో అమ్మే పొడి మరీ మెత్తగా పిండిలా ఉండి, నూనె తగలగానే అంటుకుపోతుంది. మనకు కావలసినది సన్న రవ్వంత పలుకు.

నూట యాభై గ్రాముల పొడికి రెండు మూడు చెంచాల ఆలివ్ నూనె చాలు. వెడల్పాటి మూకుడు ఖాళీగా వేడిచేసి, నూనె పోసి, వెంటనే పొడి వేసి, సన్నని సెగ మీద చెక్క గరిటెతో ఆపకుండా కలుపుతూ ఉండాలి. మొదట కొంతసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తరువాత అడుగున ఉన్న పలుకులు లేత బంగారు రంగుకు తిరుగుతాయి, వేగిన గోధుమ వాసన గదంతా వ్యాపిస్తుంది, గరిటె కింద పొడి తేలికై గలగలమంటూ కదులుతుంది. ఆ శబ్దం నాకు రంగు కంటే నమ్మకమైన గుర్తు. పొయ్యి కట్టేసినా మూకుడు వేడికి పొడి వేగుతూనే ఉంటుంది గనుక వెంటనే పళ్లెంలోకి తీసేయాలి. పై అంతస్తు సిన్యోరా ఈ దశలో నా పక్కన నిలబడి, ఒక చిటికెడు వేళ్ల మధ్య నలిపి వాసన చూసి, "ఇంకొక్క నిమిషం" అనేది. ఆ ఒక్క నిమిషంలోనే మామూలు బ్రెడ్ పొడి వేరుశనగ గింజల వాసన గల వేరొక పదార్థమవుతుంది. పలెర్మోలో పేదలు జున్ను (చీజ్) కొనలేని రోజుల్లో పాస్తా మీద చల్లుకున్నది ఇలా వేయించిన పొడినే అని ఆమె చెప్పేది. ఇప్పటికీ అక్కడ సార్డీన్ చేపల పాస్తా మీద జున్నుకు బదులు దీన్నే చల్లుతారు.

ఈ పొడిలో చేరేవి ఉల్లిపాయ, ఎండుద్రాక్ష, పైన్ గింజలు, జున్ను, పార్స్‌లీ ఆకు, మిరియాల పొడి, ఉప్పు. అంతకు మించి ఏమీ లేవు. ఉల్లిపాయను వీలైనంత సన్నగా తరిగి, నూనెలో వేసి, ఒక చెంచాడు నీళ్లు చిలకరించి మూత పెట్టి, ఎర్రబడకుండా అద్దంలా మగ్గే వరకు ఉంచాలి. మన కూరలకు వేయించినట్టు ఎర్రగా వేయిస్తే ఆ ఘాటు మిగిలిన రుచులను మింగేస్తుంది. ఎండుద్రాక్ష అంటే మన పాయసంలో వేసే పెద్ద కిస్మిస్ కాదు, మిరియపు గింజ కంటే కాస్త పెద్దవైన నల్లని చిన్న ద్రాక్ష. ముప్పై గ్రాములు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి వేయాలి. పైన్ గింజలు కూడా అంతే తూకం. వాటిలో నూనె ఎక్కువ గనుక చూస్తుండగానే మాడిపోతాయి. మూకుడులో వేసి, ఒకటి రెండు గింజలకు రంగు రాగానే దించేస్తే మిగిలినవి ఆ వేడికే వేగుతాయి.

మాంసంలో ఈ తీపి ద్రాక్ష, ఈ గింజలు ఏమిటని మొదట నాకూ అనిపించింది. సిసిలీ చరిత్ర తెలిస్తే అది వింతగా తోచదు. అరబ్బులు 827లో ఆ ద్వీపం మీద అడుగుపెట్టి, 831లో పలెర్మోను గెలుచుకున్నారు; 1072లో నార్మన్లు ఆ నగరాన్ని పట్టుకునేదాకా రెండు వందల నలభై ఏళ్లకు పైగా అది వారి రాజధానిగా వెలిగింది. ఉప్పు వంటల్లో తీపినీ ఎండుఫలాలనూ కలిపే అలవాటు ఆ కాలపు వారసత్వమేనని అక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. నిజానికి హైదరాబాదు బిర్యానీలో, పులావులో వేయించిన ఉల్లిపాయ పక్కన జీడిపప్పూ కిస్మిస్సూ తినే మనకు ఈ కలయిక తేలికగానే నచ్చాలి. ఇదే మిశ్రమాన్ని సిసిలీ వాళ్లు ముల్లు తీసిన సార్డీన్ చేపల్లో కూడా చుట్టి ఓవెన్లో పెడతారు.

జున్ను విషయంలో పలెర్మో వారి ఎంపిక కాచోకవాల్లో. పాల విరుగుడును వేడి నీళ్లలో సాగదీసి ముద్ద చేసి ఆరబెట్టే జున్ను ఇది. దక్షిణ ఇటలీలో దీన్ని సొరకాయ ఆకారంలో చేసి, మెడకు తాడు కట్టి, రెండేసి చొప్పున కర్రకు వేలాడదీస్తారు. నిలవ పెరిగిన కొద్దీ ఘాటు పెరుగుతుంది. ఎనభై గ్రాములు సన్నగా తురిమి పొడిలో కలుపుతాను. మరి కొంత చిన్న చిన్న పలకలుగా కోసి పక్కన పెట్టుకుంటాను, ఒక్కొక్క చుట్ట మధ్యలో ఒక్కొక్క పలక పెట్టడానికి. ఇది దొరకనప్పుడు గొర్రెపాల జున్ను పెకొరీనో వాడవచ్చు గానీ అప్పుడు ఉప్పు సగానికి తగ్గించాలి.

అన్నీ కలిపాక మిశ్రమం సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నాకొక గుర్తు ఉంది. సున్నుండలు చుట్టే ముందు పిండి ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉండాలి: పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, బొటనవేలితో తాకితే విడిపోవాలి. విడిపోకపోతే నూనె ఎక్కువైనట్టు, ముద్దే కట్టకపోతే ఉల్లిపాయ మగ్గిన నూనె మరొక చెంచాడు కావాలన్నట్టు. కొందరు ఇక్కడ ఒక గరిటెడు టమాటో గుజ్జు కలుపుతారు. మా సిన్యోరా దాన్ని ఒప్పుకోదు, రుచి చూసిన తరువాత నేనూ ఆమె పక్షమే. పొడిపొడిగా ఉండే మిశ్రమం ఓవెన్లో మాంసం నుంచి ఊరే రసాన్ని పీల్చుకుని మెత్తబడుతుంది. ముందే తడిసిన పొడికి ఆ రసాన్ని పీల్చుకునే శక్తి ఉండదు, అది బయటికి కారి ట్రేలో మాడిపోతుంది. పొడిని ఎందుకు వేయించాలన్నదానికి కూడా సమాధానం ఇదే.

మాంసాన్ని పల్చన చేయడానికి ఇటలీ ఇళ్లలో పిడి గల బరువైన స్టీలు బిళ్ల ఒకటి ఉంటుంది. దాన్ని నీళ్లలో ముంచి, ముక్కను రెండు బేకింగ్ పేపర్ల మధ్య పెట్టి, మధ్య నుంచి అంచులవైపు జరుపుతున్నట్టుగా తట్టాలి. పచ్చడి బండ ఎత్తి దంచినట్టు దంచితే మాంసం చిరిగిపోతుంది. బిళ్ల కింద కండ మెల్లగా పరుచుకుని, మందం రెండు మిల్లీమీటర్లకు వచ్చి, దీపపు వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే గులాబీ రంగు గుండా వెలుగు కనిపిస్తున్నప్పుడు ఆపేయాలి. అంచున తెల్లని పొర ఏదైనా మిగిలి ఉంటే కత్తి మొనతో రెండు మూడు చోట్ల గాటు పెట్టాలి, లేకపోతే వేడికి అది బిగిసి చుట్టను వంకర చేస్తుంది. మాంసం మీద ఉప్పు చల్లను. జున్నులో ఉన్న ఉప్పు సరిపోతుంది, పైగా ముందే చల్లిన ఉప్పు నీరు ఊరేలా చేస్తుంది.

ముక్క మీద ఒక చెంచాడున్నర మిశ్రమం పరిచి, చుట్టూ అర అంగుళం అంచు వదిలి, మధ్యలో జున్ను పలక పెట్టి, రెండు పక్కల అంచులను ముందు లోపలికి మడిచి, ఆపైన కింది నుంచి బిగువుగా చుట్టుకుంటూ పోవాలి. పక్కలు మడవకపోతే కరిగిన జున్ను రెండు చివరల నుంచీ కారిపోతుంది. ఇక వెదురు పుల్లలు. అరగంట నీళ్లలో నానబెట్టిన పుల్లలను రెండేసి సమాంతరంగా వాడతాను, ఒక్క పుల్ల అయితే తిప్పేటప్పుడు చుట్ట దాని చుట్టూ గిర్రున తిరుగుతుంది గానీ బోర్లాపడదు. ఒక చుట్ట, ఒక ఉల్లిపాయ రేకు, ఒక బే ఆకు, మళ్లీ ఒక చుట్ట. ఈ వరుసలో ఒకదానికొకటి ఆనుకునేలా గుచ్చాలి. అలా ఆనుకుని ఉండటం వల్లనే దారం కట్టకపోయినా చుట్టలు విడిపోవు.

ఇక్కడ ఆకు గురించి ఒక జాగ్రత్త చెప్పడం అవసరం. మన బిర్యానీ ఆకు, ఇటలీ బే ఆకు ఒకటి కావు. మన ఆకు దాల్చినచెక్క జాతి చెట్టుది. దానికి మొదలు నుంచి కొన దాకా మూడు ఈనెలు నిలువుగా నడుస్తాయి, వాసన దాల్చినచెక్కకు దగ్గరగా ఉంటుంది. మధ్యధరా ప్రాంతపు ఆకుకు నడుమ ఒకే ఈనె, దాని నుంచి పక్కలకు చీలే సన్న ఈనెలు. వాసనలో పచ్చి చేదు ఉంటుంది, ఆ చేదే ద్రాక్ష తీపికి కళ్లెం వేస్తుంది. ఎండుటాకు కంటే పచ్చి ఆకు మేలు. మిలాన్‌లో ఎన్నో ఇళ్ల బాల్కనీల కుండీల్లో ఈ మొక్క ఉంటుంది. మా సిన్యోరా కుండీ నుంచి కోసుకోవడానికి నాకు శాశ్వత అనుమతి ఉంది.

గుచ్చిన చుట్టల మీద ఆలివ్ నూనె పట్టించి, వేయించని పచ్చి బ్రెడ్ పొడిలో దొర్లిస్తాను. కోడిగుడ్డు ముంచే పని లేదు. పలెర్మోలో మాంసపు కట్లెట్‌ను కూడా గుడ్డు లేకుండా ఇలా నూనె, పొడి మాత్రమే అద్ది కాలుస్తారు. అక్కడివారు బొగ్గుల నిప్పు మీద కాల్చడాన్నే ఇష్టపడతారు గానీ అపార్ట్‌మెంటులో ఓవెనే గతి. రెండు వందల డిగ్రీల వేడిలో పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి, చివరి రెండు నిమిషాలు పైమంట పెడితే పైపొర కరకరలాడుతూ, ఉల్లిపాయ రేకుల అంచులు నల్లబడి, ఆకులు ఎండి చిటపటలాడతాయి. లోపలి జున్ను ఒకటి రెండు చోట్ల పైకి తన్నుకు రావడం సహజమే. ఇంతకు మించి ఉంచకూడదు. దూడ మాంసంలో కొవ్వు చాలా తక్కువ, అయిదు నిమిషాలు ఎక్కువైతే పీచుగా ఎండిపోతుంది. ఓవెన్ నుంచి తీసిన తరువాత అయిదు నిమిషాలు కదపకుండా వదిలేస్తే లోపలి రసం పొడిలోకి సర్దుకుంటుంది.

తినేటప్పుడు నిమ్మకాయ బద్ద, దానితో పాటు సోంపు దుంపను పల్చగా కోసి నారింజ తొనలతో కలిపిన సలాడ్. ఇది కూడా సిసిలీదే. చుట్టలోని జున్ను బరువుకు ఆ పులుపు చక్కని జత. మా తెలుగు స్నేహితులు మొదటిసారి వచ్చినప్పుడు వారిలో ఒకాయన "వదినా, కారం ఎక్కడుందో చెప్పండి" అని మర్యాదగానే అడిగారు. ఎండుమిరప గింజల నూనె ఒక గిన్నెలో పక్కన పెట్టాను. మొదటి చుట్టకు వేసుకున్నారు, రెండవదానికి వేసుకోలేదు. అల్లం వెల్లుల్లి, గరం మసాలా వేసి చూడమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు గానీ నేను వేయను. వేయించిన గోధుమ, మగ్గిన ఉల్లిపాయ, ద్రాక్ష, ఆకు చేదు — వీటిలో ప్రతిదీ సన్నని రుచి. మసాలా పడితే వాటిలో ఒక్కటీ నాలుకకు అందదు.

మిగతా ప్రాంతాల పద్ధతులు కూడా చేసి చూశాను. రోము వారి సాల్తింబొక్కాలో దూడ మాంసం మీద ఒక ప్రొషుత్తో (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం) పొర, ఒక సేజ్ ఆకు పెట్టి, వెన్నలో వేయించి తెల్ల ద్రాక్షసారా పోస్తారు. పది నిమిషాల వంట. నేపుల్స్ వారు చుట్టలో వెల్లుల్లి, పార్స్‌లీ, పైన్ గింజలు, ద్రాక్ష, జున్ను పెట్టి దారంతో కట్టి, టమాటో పులుసులో గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికిస్తారు, ముందు ఆ పులుసుతో పాస్తా తిని, తరువాత మాంసం తింటారు. ఇంతసేపు ఉడికే దానికి తొడ కండ కంటే కాస్త నరమున్న, వయసున్న పశువు మాంసమే నయం. ఆ నరమే కరిగి పులుసుకు చిక్కదనం ఇస్తుంది. సిసిలీలోనే ఉన్న మెస్సీనాలో కత్తి చేప పలకలను ఇదే బ్రెడ్ పొడితో చుట్టి కాలుస్తారు, అది మాంసం చుట్టకు ఏమాత్రం తీసిపోదు.

దూడ మాంసం తినని వారికి నేను కోడి రొమ్ము మాంసాన్ని మధ్యకు చీల్చి, పల్చగా తట్టి, ఇదే తీరులో చేస్తాను. ఇటలీ ఇళ్లలో కూడా కోడి, టర్కీ కోడి మాంసంతో చేయడం మామూలే. కోడి మాంసం లోపలిదాకా పూర్తిగా ఉడకాలి గనుక మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ ఉంచాలి, ఆ మేరకు పైన నూనె కాస్త ధారాళంగా పట్టించాలి. శాకాహారులు వచ్చినప్పుడు పెద్ద వంకాయను నిలువుగా పల్చని పలకలుగా కోసి, ఉప్పు చల్లి అరగంట ఉంచి, తుడిచి, నూనెలో వేయించి, అందులో ఈ మిశ్రమం చుట్టి, పైన కొద్దిగా టమాటో గుజ్జు వేసి ఓవెన్లో పెడతాను. దానికి మాత్రం సిన్యోరా టమాటోను ఒప్పుకుంటుంది. అతిథులు ఎక్కువ మంది ఉన్న రోజున చుట్టలన్నిటినీ ముందు రోజు రాత్రే చుట్టి, గుచ్చి, మూతబెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పైపొడి మాత్రం ఓవెన్లో పెట్టబోయే ముందే అద్దాలి, రాత్రంతా ఉంటే అది తడిసి కరకర పోతుంది.